నా ఊపిరికి నేనే బిగించిన బిరడా

తాడేపల్లిగూడెంలో ఒక నర్సింగ్ హోము ఉంది. ఆ వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే ఇప్పటికీ నేను చుట్టు తిరిగి పక్క వీధిలోంచి పోతాను. అక్కడ నన్నెవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. కొట్టినవాడి మీద కోపం పెట్టుకుని హాయిగా బతికేసేవాణ్ణి. ఆ రోజు అక్కడ జరిగిన ఘోరానికి కోప్పడదామంటే నేను తప్ప ఇంకో మనిషి దొరకలేదు. అదీ నా బాధ. అదంతా ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, పరవాలేదు. మరీ పగలబడి మాత్రం నవ్వకండి, నాకు చిరాకు.

ఇది రెండువేలు దాటి ఏడెనిమిదేళ్ళు గడిచిన నాటి మాట. నాకప్పుడు యాభై రెండేళ్ళు. ఏలూరులో నీటి సరఫరా పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాణ్ణి. పేరు ఆశీర్వాదం. నా స్వభావం ముందే తెలిసి ఉంటే మా నాన్నగారు ఆ పేరు ఇంకెవరికైనా పెట్టి ఉండేవారు. నా ఉద్యోగమల్లా ఏ వీధిలో పైపు కారుతోందో పట్టుకుని మూయించడం. పాతికేళ్ళు అదే పని చేసేసరికి లీకు అనే మాట వింటే చాలు, నాకు ఒళ్ళు మండేది. ఎవరింటికైనా చుట్టపు చూపుగా వెళ్ళినా, పెరట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతుంటే కాఫీ ముట్టేవాణ్ణి కాదు. "ముందు ఆ వాషరు మార్పించండి, తర్వాత మర్యాదలు చేద్దురుగాని" అనేవాణ్ణి. అందుకే మమ్మల్ని భోజనాలకు పిలిచేవాళ్ళు ఏటికేడూ తగ్గిపోయారు.

ఆ రోజుల్లోనే నాకు ఇంకో జబ్బు పట్టుకుంది. ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్ర. ఆఫీసులో ఫైలు తెరిచి నిద్ర, మంగలి కుర్చీలో నిద్ర, చర్చిలో అయితే చెప్పక్కర్లేదు. చర్చిలో నిద్రపోవడం అంత పెద్ద నేరమేం కాదు, మా వరసలో సగం మంది ఆ పని మీదే వచ్చేవారు. నా నేరం గురక. ఒక ఆదివారం పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఆగి, "బయట లారీ ఎవరిదో కాస్త ఇంజను ఆపమని చెప్పండయ్యా" అన్నారు. ఒక పెద్దాయన బయటికెళ్ళి అటూ ఇటూ చూసి వచ్చి, "లారీ ఏం లేదండీ, మన ఆశీర్వాదం గారేనండి" అని విన్నవించారు.

నన్ను తట్టి లేపారు. నాకు ఎవరి మీద కోపం వచ్చిందో తెలుసా? లేపినవాడి మీద.

మా ఆవిడ సుగుణ ప్రాథమిక పాఠశాలలో టీచరు. గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. "ఏవండీ, ఒకసారి డాక్టరుకి చూపించుకుందామండీ" అని ఏడాది పాటు నెమ్మదిగా చెప్పింది. నేను ఏడాది పాటు గట్టిగా, "గురకకి డాక్టరేమిటే!" అన్నాను. ఆ పంతం ఎక్కడిదాకా పోయిందో వినండి.

మా బావమరిది దానియేలుకు కొల్లేటి దిగువన చేపల చెరువులున్నాయి. ఒక శనివారం వాళ్ళింట్లో కొరమేను పులుసుతో భోంచేసి, సుగుణను స్కూటరు వెనక ఎక్కించుకుని మధ్యాహ్నం తిరుగు ప్రయాణమయ్యాను. చెరువుల మధ్య సన్నటి గట్టు రోడ్డు. అటూ ఇటూ నీళ్ళు, కొంగలు, చల్లటి గాలి. ఆ తర్వాత నాకు గుర్తున్నదల్లా నా నోటినిండా చెరువు నీళ్ళు ఉండడమే. బండి నడుపుతూ నడుపుతూనే నిద్రపోయాను.

నడుము లోతు బురదలో నిలబడి నేను చేసిన మొదటి పని చెప్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు. చెరువును తిట్టాను. "రోడ్డు పక్కనే చెరువు తవ్వడానికి బుద్ధుందా ఎవడికైనా!" అని కేకలు వేశాను. ఆ కేకలకు దానియేలు పరుగెత్తుకొచ్చాడు.

"బావగారూ, చెరువు పదేళ్ళుగా అక్కడే ఉందండీ. మీరే దాని దగ్గరికొచ్చారు."

"నాకు ఎదురు చెప్తావా?"

"నేనేం చెప్పట్లేదండీ. ముందు అక్కయ్యను చూడండి."

అప్పుడు చూశాను. సుగుణ గట్టు మీద కూర్చుని, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. ఏడవడం లేదు. మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. బురద తొక్కుకుంటూ గట్టెక్కాను.

ఎముక విరిగింది. కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చాక సుగుణ నా స్కూటరు తాళం తీసి బియ్యం డబ్బాలో వేసి మూత పెట్టింది.

"నాకు మీ మీద కోపం లేదండీ. కానీ మీరు డాక్టరుకి చూపించుకుని బాగయ్యేదాకా నేను మీ బండి ఎక్కను. మిమ్మల్నీ ఎక్కనివ్వను" అంది.

కోపం లేనివాళ్ళ మాట కాదనడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది.

విజయవాడలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఒక రాత్రి నన్ను పడుకోబెట్టి, తలకీ ఛాతీకీ వైర్లు తగిలించి, నా నిద్రను కాగితాల మీద గీయించారు. మర్నాడు ఆ కాగితాలు చూస్తూ, "నిద్రలో మీకు ఊపిరి ఆగిపోతోందండీ" అన్నారామె.

"ఆగిపోతే మీ ఎదురుగా కూర్చున్నదెవరమ్మా?" అన్నాను.

"ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. తెల్లవార్లూ అదే పని. నిద్రపట్టగానే గొంతులో కండరాలు వదులై గాలి వెళ్ళే దారి మూసుకుపోతోంది. అందుకే మీకు పగలంతా మగత, చిరాకు, కోపం."

"కోపానికి నా దగ్గర వేరే కారణాలున్నాయి."

"రెండూ ఉన్నాయండీ డాక్టరు గారూ" అంది సుగుణ, నేల చూస్తూ.

మందు ఏమిటంటే ఒక మెషీను. అది గాలిని ఒత్తిడితో ఒక గొట్టంలోంచి పంపుతుంది. గొట్టం చివర ముక్కుకి తగిలించుకునే మాస్కు. ఆ గాలి తోపుడుకి గొంతు మూసుకుపోకుండా దారి తెరుచుకునే ఉంటుంది. డాక్టరమ్మ చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పారు. మొదట్లో గాలి ఒత్తిడి ఇబ్బందిగానే ఉంటుందిట. పగటిపూట మెలకువగా ఉన్నప్పుడే, టీవీ చూస్తూనో పేపరు చదువుకుంటూనో కాసేపు పెట్టుకుని అలవాటు చేసుకోవాలిట. గాలి తక్కువగా మొదలై నెమ్మదిగా పెరిగేందుకు ఒక మీట ఉందిట, అది తప్పకుండా వాడాలిట.

"ఏ ఇబ్బంది వచ్చినా మాకు ఫోన్ చెయ్యండి. సొంతంగా మాత్రం ఏమీ చెయ్యకండి" అన్నారు చివర్లో. ఆ ముక్క నా మొహంలోకి చూస్తూనే అన్నారు. మనిషిని చదవగలిగిన డాక్టరు. నేనే వినలేదు.

నాలుగు రోజుల తర్వాత మెషీను కంపెనీ తరఫున కిశోర్ అనే టెక్నీషియను ఏలూరులో మా ఇంటికొచ్చి అంతా అమర్చి, ఆ నెమ్మది మీట ఎలా నొక్కాలో చూపించి వెళ్ళాడు. అతను గుమ్మం దాటగానే నేను ఆ మీటను ఆపేశాను.

"ఎందుకండీ ఆపేస్తున్నారు?" అంది సుగుణ.

"వాల్వు తిప్పితే పూర్తిగా తిప్పాలి. సగం సగం తిప్పే అలవాటు నాకు లేదు."

మధ్యాహ్నం మూడు గంటల వేళ, పడక్కుర్చీలో కూర్చుని, మాస్కు పట్టీలు బిగించుకుని, స్విచ్చి వేశాను. అయ్యా, ఏం చెప్పను! ముక్కులో ఎవరో సైకిలు పంపు పెట్టి కొట్టినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊపిరి తీసుకోవడానికి ఏ కష్టమూ లేదు, వద్దన్నా వచ్చి పడుతోంది. వదలడం ఉంది చూశారూ, అదీ నరకం! నేను బయటికి తోస్తుంటే అది లోపలికి తోస్తోంది. కొల్లేటిలో ఎదురుగాలికి దోనె నడిపేవాడి అవస్థ అప్పుడు నా ముక్కు పడింది.

దీన్ని ఆపమని సుగుణతో చెబుదామని నోరు తెరిచాను. తెరవగానే ముక్కులో ఉన్న గాలంతా నోట్లోంచి బుస్సుమని బయటికొచ్చింది.

"సూ... ఫూ... ణా!"

"ఏమన్నారండీ?"

"ఆ... ఫూ! ఆ... ఫూ!"

"పువ్వులా? ఇప్పుడు పువ్వులెందుకండీ?"

కోపమొచ్చి అరిచాను. ఆ అరుపు కూడా బుస్సుమని, చిల్లుపడ్డ బెలూనులా పోయింది. పాతికేళ్ళలో నా కేకకు బెదరని ప్లంబరు లేడు. అలాంటిది ఈ డబ్బా నన్ను ఒక్క మాటయినా తిన్నగా తిట్టనివ్వడం లేదు. పట్టీలు పీకి పారేశాను.

వారం రోజులు ఇదే భాగవతం. గాలి మింగి మింగి పొట్ట డోలులా ఉబ్బేది. ఎదుటివాడు మాట్లాడుతుండగానే తేనుపులు వచ్చేవి. మాస్కు పట్టీల వాతలు మొహం మీద మధ్యాహ్నందాకా పోయేవి కావు. ఆఫీసులో ఒకాయన, "ఏమైందండీ, ఇంట్లో ఏమైనా గొడవా?" అని పక్కకి తీసుకెళ్ళి అడిగాడు. కిశోర్ రోజూ ఫోన్ చేసేవాడు.

"అలవాటైపోద్దండీ. ఆ నెమ్మది మీట వాడుతున్నారాండీ?"

"నాకు మీటలు నేర్పకు" అని పెట్టేసేవాణ్ణి.

ఇక అసలు ఘట్టం. ఒక సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని, ఈ దరిద్రాన్ని ఎవరు కనిపెట్టారా అని మాస్కు మూతిని అరచేత్తో మూసి పట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాను. మెషీను ఇంకా నడుస్తూనే ఉంది. చెవి దగ్గర సన్నగా బుసబుస. గొట్టం వచ్చి మాస్కుకి తగిలే వంపు దగ్గర వెలుతురులో కనపడ్డాయి, సూదిమొన పట్టేటంత చిల్లులు. ఒకటి కాదు, ఆరు! వేలు పెట్టి చూశాను. గాలి! ఆరింటిలోంచీ గాలి!

నా జన్మలో అంత సంతోషంగా ఎప్పుడూ కోపం రాలేదు.

"సుగుణా! దొరికారు దొంగలు! లీకు!"

సుగుణ చేతికట్టుతో పరుగెత్తుకొచ్చింది. నేను ఆమెకు విషయమంతా విడమరిచి చెప్పాను. లైనులో లీకులుంటే, వాటిని మూయడం చేతకాని ఇంజనీర్లు ప్రెషరు పెంచి నెడతారు. ఇక్కడా అదే జరిగింది. గాలి సగం చిల్లుల్లోంచి పోతోంది కాబట్టి ఆ మెషీను రెండింతలు తోస్తోంది. నా ముక్కు అదిరిపోవడానికి కారణం ఇదే. చిల్లులు మూసేస్తే గాలి పిల్లకాలువలా మెత్తగా వస్తుంది. ఎంత చక్కటి తర్కమో చూడండి! ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు నమ్మబుద్ధేస్తోంది.

వెంటనే కిశోర్‌కి ఫోన్ చేశాను.

"ఏమయ్యా, నాకు చిల్లుల మాస్కు అంటగడతావా?"

"అవి చిల్లులు కాదండీ... అంటే చిల్లులేననుకోండి, కానీ అవి..."

"చిల్లుల్ని పట్టుకుని చిల్లులు కాదంటావా నాతో? పాతికేళ్ళ సర్వీసు నాది!"

"సార్, ఒక్క నిమిషం వినండి, అవి ఎందుకంటే..."

ఫోన్ పెట్టేశాను. మళ్ళీ మోగింది. రిసీవరు తీసి పక్కన పడేశాను.

"పాపం ఆ అబ్బాయి ఏదో చెప్పబోతున్నాడు కదండీ" అంది సుగుణ.

"దొరికిపోయినవాళ్ళు ఏదో ఒకటి చెప్పబోతూనే ఉంటారు."

పైపుల లీకులకు మేము వాడే సీలు మందు ఒకటుంది. రెండు ముద్దలు కలిపి పిసికి అంటిస్తే కాసేపటికి రాయైపోతుంది. ఇంట్లో ఎప్పుడూ పెట్టుకునేవాణ్ణి, కొందరు కుంకుమ భరిణె పెట్టుకున్నట్టు. ఆ ముద్ద తీసి ఆరు చిల్లులూ ఒక్కొక్కటే మూశాను. ఆరాక మాస్కు పెట్టుకుని స్విచ్చి వేస్తే బుసబుస మాయం. సుగుణను సైగ చేసి పిలిచి ఆ నిశ్శబ్దం వినిపించాను.

"చప్పుడు లేదు, నిజమే. మీ మొహమేంటండీ అంత ఎర్రగా అయిపోయింది?"

మాస్కు తీసి, "అది సంతోషం" అన్నాను.

అది సంతోషం కాదని రెండు రోజుల్లో తెలిసింది. మాస్కు పెట్టుకున్న కాసేపటికే చెమటలు పట్టేవి. ఎంత పీల్చినా చాలేది కాదు. పడుకుంటే గంట తిరక్కుండానే ఎగిరిపడి లేచి, మాస్కు లాగేసి, చేపలా నోరు తెరిచి గాలి కోసం తన్నుకునేవాణ్ణి. తెల్లవారి తలనొప్పి ఎలా ఉండేదంటే, ఎవరో నెత్తిమీద బోరు బావి వేస్తున్నట్టే. ఆ రెండు రోజుల్లో నేను తిట్టనిది లేదు. పాలవాణ్ణి తిట్టాను, పేపరును తిట్టాను, ఎదురింటి కోడిని పేరు పెట్టి తిట్టాను. కారణం మాత్రం తెలిసిపోయినట్టే అనిపించింది. మాస్కుతో పాటు మెషీను కూడా పాడు సరుకే!

మూడో రోజు పొద్దున్న సుగుణ నా మంచం పక్కన కూర్చుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నేను రెండు రోజుల నుంచి పడుకోలేదండీ. మీరు అలా ఎగిరిపడి లేస్తుంటే నాకు ప్రాణం పోతోంది. ఒకసారి లేవలేకపోతే ఏంటండీ నా గతి?"

ఆ రోజు తాడేపల్లిగూడెంలో మా డాక్టరమ్మ క్యాంపు ఉంది. నెలకోసారి విజయవాడ నుంచి వచ్చి అక్కడి నర్సింగ్ హోములో ఈ మెషీన్లు వాడేవాళ్ళందరినీ చూస్తారు. సుగుణ వెళ్దామంది. నేను సరేనన్నాను. ఆవిడ వైద్యం కోసం, నేను గొడవ కోసం. మెషీను సంచిలో పెట్టుకుని, సీలు మందు ప్యాకెట్టు జేబులో వేసుకుని, ప్యాసింజరు రైలెక్కాం.

నర్సింగ్ హోము హాల్లో ఏడెనిమిది మంది ఎవరి సంచులు వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. డాక్టరమ్మా కిశోరూ లోపలి గదిలో ఎవరినో చూస్తున్నారు. నేను కూర్చోలేదు. హాలు మధ్యలో నిలబడ్డాను.

"అయ్యా, అమ్మా! అందరూ మీ మాస్కులు బయటికి తీయండి. గొట్టం తగిలేచోట చూడండి. చిల్లులున్నాయా, లేవా?"

నా పక్కనే, లోపలికి వస్తూ ఊరూ పేరూ ఉద్యోగమూ చెప్పుకున్న వెంకటరత్నం గారని ఉల్లిపాయల వ్యాపారి, బస్తాకి కాళ్ళూ చేతులూ వచ్చినట్టుండే మనిషి. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని చూసి, "అవునండోయ్! నాదానికీ ఉన్నాయి!" అన్నారు.

ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ గారు ఒక్కొక్కటే లెక్కపెట్టి, "నాదానికి ఎనిమిదున్నాయండీ" అన్నారు.

"ఎనిమిదా! చూశారా, మీకు ఇంకా ఎక్కువ మోసం జరిగింది!"

హాలంతా గగ్గోలు. "ఇదేం అన్యాయమండీ" అని ఒకరు, "అందుకేనా నాకు ముక్కు ఎండిపోతోంది" అని ఒకరు. పాతికేళ్ళుగా నన్ను చూసి జనం తప్పుకుపోవడమే చూశాను గానీ, నా చుట్టూ మూగడం అదే మొదటిసారి. ఆ మత్తులో జేబులోంచి సీలు ప్యాకెట్టు తీశాను.

"ఏవండీ, డాక్టరు గారిని ఒక్క మాట అడిగి..." సుగుణ చొక్కా లాగింది.

"దొంగల్నే అడుగుతారా దొంగతనం జరిగిందా అని? మీరు ఇలా ఇవ్వండి వెంకటరత్నం గారూ."

ముద్ద పిసికి ఆయన మాస్కు మూశాను. హెడ్మిస్ట్రెస్ గారి ఎనిమిదీ మూశాను. మూడో ఆయనదీ మూశాను. "నాదీ కాస్త చూడండి బాబూ" అంటూ వెనక వరస కట్టారు. నాలుగోది చేతిలో ఉండగా లోపలి గది తలుపు తెరుచుకుంది.

"అయ్యయ్యో! ఏం చేస్తున్నారండీ!" కిశోర్ గావుకేక.

డాక్టరమ్మ వచ్చారు. నా మాస్కు తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశారు. రాయిలా బిగిసిన ఆరు బొట్లు.

"ఇలా ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారండీ?"

"రెండు రోజులు" అన్నాను ఛాతీ విరిచి.

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, వేలికి ఏదో తగిలించి, నాడి చూసి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత చాలా నెమ్మదిగా అడిగారు.

"మీది నీటి సరఫరా కదండీ. ఒక ఇంటికి కుళాయి కనెక్షను ఇచ్చి, వాడిన నీళ్ళు పోయే తూముని సిమెంటుతో మూసేస్తే ఏమవుతుంది?"

"ఇల్లంతా మురికి నీళ్ళతో నిండుతుంది. ఏ వెధవ చేస్తాడండీ ఆ పని?"

"మీరు వదిలిన ఊపిరి ఎటు పోతుందండీ?"

నేను మాస్కు వంక చూశాను. గొట్టం వంక చూశాను. మెషీను వంక చూశాను.

"గొట్టంలోకి" అన్నాను.

"గొట్టంలోంచి?"

"మళ్ళీ... నా ముక్కులోకి."

"ఆ చిల్లులు మీరు వదిలిన గాలి బయటికి పోవడానికే పెట్టారండీ. రెండు రోజులు మీరు వదిలిన గాలే మీరు పీల్చారు. మధ్యలో మెలకువ వచ్చి లాగి పారేశారు కాబట్టి బతికారు."

హెడ్మిస్ట్రెస్ గారు తన మాస్కును పామును దించినట్టు బల్ల మీదికి దించారు. వెంకటరత్నం గారు లేచి నిలబడ్డారు. ఆయన లేవడానికి చాలాసేపు పట్టింది, నాకు వణకడానికి సరిపోయింది.

"ఏవండీ ఇన్‌స్పెక్టరు గారూ, నేను మీకేం అపకారం చేశానండీ? మొదటిసారి చూశారు కదా నన్ను!"

"పొరపాటు..."

"పొరపాటా? దొంగలు దొరికారన్నారు, మోసమన్నారు! అమ్మా, ఈయన చేతికి ఏమీ ఇవ్వకండమ్మా ఇంట్లో!"

సుగుణ ఆయనకు చేతికట్టుతోనే దణ్ణం పెట్టింది. "ఏమనుకోకండి అన్నయ్యగారూ. కనపడ్డ చిల్లల్లా మూశారు గానీ, మూయాల్సిన దాన్ని మాత్రం ఆయన పెళ్ళైన నాటినుంచీ మూయలేదండీ."

మొదట కిశోర్ నవ్వాడు. తర్వాత హెడ్మిస్ట్రెస్ గారు. ఆ తర్వాత హాలంతా. డాక్టరమ్మ మొహం పక్కకు తిప్పుకున్నారు గానీ భుజాలు కదలడం నేను చూశాను. నాకు వచ్చిన కోపానికి అంతు లేదు. ఒక్కొక్క మొహమే చూశాను, ఎవరి మీద విరుచుకుపడదామా అని. ఒక్కరూ పనికిరాలేదు.

"నన్ను క్షమించండి" అన్నాను. ఆ మాట నా నోట వినడం సుగుణకు కూడా కొత్త. తల తిప్పి చూసింది.

మిగతావాళ్ళ మాస్కుల్లో ముద్ద ఇంకా మెత్తగానే ఉంది. డాక్టరమ్మ నాకు ఒక గుండుసూది ఇచ్చి మూలన స్టూలు వేయించారు. గంటసేపు ఒక్కో చిల్లూ పొడిచి శుభ్రం చేశాను. వెంకటరత్నం గారు నా నెత్తిమీదే నిలబడి, "ఆ చివరిది ఇంకా మూసే ఉందండీ" అంటూ అజమాయిషీ. అన్నీ అయ్యాక పళ్ళెంలో పెట్టి డాక్టరమ్మకు ఇచ్చాను. ఆమె కిశోర్‌ని పిలిచి, "వీటిని చెత్తలో వేసి అందరికీ కొత్తవి ఇచ్చెయ్యండి" అన్నారు.

"మరి నాచేత గంటసేపు ఎందుకమ్మా పొడిపించారు?"

"మీరు ఖాళీగా ఉంటే భయంగా ఉందండీ."

అందరూ వెళ్ళాక నన్ను లోపలి గదిలో మంచం మీద కూర్చోబెట్టారు. కొత్త మాస్కు, పట్టీలు వేలు దూరేటంత వదులుగా. కిశోర్ నెమ్మది మీట నొక్కాడు. గాలి వస్తోందో లేదో తెలియనంత పలచగా మొదలైంది. "దాంతో పోట్లాడకండి. వదలాలనిపించినప్పుడు వదలండి, అంతే" అన్నారు డాక్టరమ్మ. నేను వదిలాను. ముక్కు ముందు ఆ చిల్లుల్లోంచి గాలి బుసబుసమని పోయింది. పది నిమిషాలయ్యాక పడుకోమన్నారు. ఇంకా పెరుగుతుందేమోనని కాచుకుని ఉన్నాను. అంతవరకే గుర్తు.

కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ పల్చబడింది. తలనొప్పి లేదు. ఎన్నేళ్ళుగానో తలలో కూర్చున్న బరువేదో లేచి వెళ్ళిపోయింది. మంచం పక్కన స్టూలు మీద సుగుణ.

"మూడు గంటలు పడుకున్నారండీ" అంది. "గురక వస్తుందేమోనని చూశాను, రాలేదు. అసలు చప్పుడే లేకపోయేసరికి భయమేసి, రెండుసార్లు మాస్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను."

"ఊపిరి తగిలిందా?"

"తగిలిందండీ. ఆ చిల్లుల్లోంచే వచ్చింది, వెచ్చగా."

ఆమె బాగున్న చేతిని పట్టుకున్నాను.

దాంతో అంతా సుఖాంతమైపోయిందనుకోకండి. అలవాటు పడడానికి నెల పట్టింది. మొదట అరగంట, తర్వాత గంట, తర్వాత సగం రాత్రి. ముక్కు ఎండిపోతే గాలిని తడిపే నీళ్ళ డబ్బా తగిలించారు. పొట్ట ఉబ్బరానికి ప్రెషరు కాస్త సవరించారు. ప్రతిదానికీ ఫోన్ చేసి అడిగాను. "సార్, మీరే చేస్తున్నారాండీ?" అని కిశోర్ నమ్మలేకపోయేవాడు. సుగుణ చేతికట్టు విప్పారు. మళ్ళీ పరీక్ష చేసి డాక్టరమ్మ సరేనన్నాక బండి బయటికొచ్చింది.

కాబట్టి, ఏలూరు వాస్తవ్యుడనైన ఆశీర్వాదం అనే నేను, పూర్తి నిద్రలోనూ పూర్తి స్పృహలోనూ ఉండి, పాఠకులందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువుకైనా చిల్లు కనపడితే అది ఎందుకుందో తెలిసినవాళ్ళను అడిగి, వాళ్ళు చెప్పడం ముగించేదాకా ఫోన్ పెట్టేయకుండా విని, ఆ తర్వాత కూడా దాని జోలికి పోను. ఇతరుల చిల్లులైతే కన్నెత్తి కూడా చూడను.

కోపం మానేస్తానని మాత్రం ఎక్కడా అనలేదు, గమనించగలరు. అంత గట్టిగా నవ్వుతున్నదెవరక్కడ?